నవజాత శిశువుల్లో తెల్లకణాలు: సంఖ్య పెంచితే సరిపోతుందా?

వ్యాఖ్యాత: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు తెల్లకణాలు తక్కువని చెప్పగానే, అవి పెరగడానికి ఇంజెక్షన్ ఇవ్వచ్చు కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇస్తారా, మేడం?

నవజాత శిశు వైద్యురాలు: అడగడం సహజమేనండి. ఈ పిల్లల ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ అనే, సూక్ష్మజీవులతో ముందుగా పోరాడే తెల్లకణాల నిల్వ చాలా తక్కువ. ఇన్‌ఫెక్షన్ వస్తే త్వరగా ఖర్చయిపోతాయి. అందుకే ఈ కణాల తయారీని పెంచే గ్రోత్ ఫ్యాక్టర్ల మీద మేమంతా ఆశ పెట్టుకున్నాం. వాటిలో ఒకటైన జీఎం-సీఎస్‌ఎఫ్‌ను బ్రిటన్‌లో 280 మంది బిడ్డల్లో పరీక్షించారు. అందరూ 31 వారాలకు, అంతకంటే ముందు పుట్టినవాళ్లే, ఆ వారాలకు ఉండాల్సిన బరువు కూడా లేనివాళ్లే. ఇన్‌ఫెక్షన్ రాకముందే ఐదు రోజులు ఇచ్చారు. 2009లో ఫలితాలు వచ్చాయి. న్యూట్రోఫిల్స్ పెరిగాయి. కానీ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి వచ్చే స్థితి) రాకుండా బతికిన పిల్లల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వ్యాఖ్యాత: కణాలు పెరిగినా లాభం లేదా?

ఇమ్యునాలజిస్టు: కణం ఉంటే చాలదు, పని చేయాలి. నెలలు నిండని బిడ్డ న్యూట్రోఫిల్ రక్తనాళం గోడకు అతుక్కుని, అది దాటి, సూక్ష్మజీవి దగ్గరికి చేరడంలోనే వెనకబడుతుంది. ఇదే జీఎం-సీఎస్‌ఎఫ్‌ను శరీరం ఎలా వాడుకుంటుందో చూడండి, నాకు ఇది ఎప్పుడూ ఆశ్చర్యమే. ఎలుకల్లో పుట్టిన తొలి రోజుల్లో ఊపిరితిత్తుల కణాలే దాన్ని విడుదల చేస్తాయి. అక్కడికి ముందే చేరి ఉన్న మోనోసైట్లు అనే తెల్లకణాలు వారంలోపే, చెత్తను మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్‌లుగా మారతాయి. ఆ సంకేతం అందకపోతే సర్ఫాక్టెంట్‌ను, అంటే ఊపిరితిత్తుల లోపలి జారుడు పూతను, శుభ్రం చేసేవాళ్లు లేక అది పేరుకుపోతుంది. జీఎం-సీఎస్‌ఎఫ్ సంకేతాన్ని కణం అందుకునే రిసెప్టర్‌లో లోపంతో పుట్టిన మనుషుల పిల్లల్లోనూ ఇదే జబ్బు వస్తుంది. అంటే చోటూ సమయమూ కుదరాలి. రక్తంలోకి ఎక్కించిన మందుకు ఆ రెండూ తెలియవు.

వ్యాఖ్యాత: అయితే ఈ మందులు వృథాయేనా?

వైద్యురాలు: అయ్యో, కాదండి! 1956లో స్వీడన్ వైద్యుడు రోల్ఫ్ కోస్ట్‌మన్ వివరించిన జబ్బులో న్యూట్రోఫిల్స్ పుట్టుకతోనే దాదాపు ఉండవు. ఒకప్పుడు ఆ పిల్లలు ఎక్కువగా పసితనంలోనే చనిపోయేవారు. జీసీఎస్‌ఎఫ్ అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చాక చాలామంది పెద్దవాళ్లవుతున్నారు.

వ్యాఖ్యాత: టీ-కణాల సంగతి?

ఇమ్యునాలజిస్టు: అవి మరో రకం తెల్లకణాలు. వాటికి ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఐఎల్-7 అనే సంకేత ప్రొటీన్ కావాలి. దాని రిసెప్టర్ లేకపోతే టీ-కణాలే తయారుకావు. అప్పుడు ఐఎల్-7 ఎంత ఇచ్చినా ఉపయోగం లేదు, మూలకణాల మార్పిడి చేయాలి.

వ్యాఖ్యాత: కౌంట్ తక్కువని రిపోర్టు వస్తే తల్లిదండ్రులు ఏం అడగాలి?

వైద్యురాలు: తయారీ తగ్గిందా, ఇన్‌ఫెక్షన్‌లో ఖర్చవుతున్నాయా అని అడగండి. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి బీపీ ఎక్కువుంటే చెప్పడం మరవద్దు. ఆ కారణంగా తగ్గిన కౌంట్ సాధారణంగా కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది.