ఎవరో అన్న మాట రాత్రంతా నిద్ర పోనివ్వకపోతే: అమెరికాలో చదివే మన విద్యార్థుల కోసం

అందరికీ నమస్తే. ఈ వీడియో అమెరికాలో ఎమ్మెస్సో, బ్యాచిలర్సో చదువుతున్న మన పిల్లల కోసం. రంగు చూసో, యాస వినో ఎవరో ఏదో అంటారు. లేదంటే అసలేమీ అనరు, గ్రూప్ ప్రాజెక్టులో మీరు మాట్లాడుతుంటే వినపడనట్టు కూర్చుంటారు. ఆ టెన్షన్‌ని ఎలా తట్టుకోవాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్తాను.

దీన్ని పిరికితనం అనుకోకండి. ఇలాంటి చిన్న చిన్న అవమానాలు మనిషిని ఎలా నలిపేస్తాయో 1970లోనే రాసినవారు చెస్టర్ పియర్స్. హార్వర్డ్‌లో పనిచేసిన నల్లజాతి సైకియాట్రిస్టు. మైక్రోఅగ్రెషన్ అనే మాట ఆయన పెట్టిందే. నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, క్లాసు గుమ్మం దగ్గర గుండె దడ, ఇవన్నీ దాంట్లో భాగమే.

అన్నవాడు అనేసి వెళ్లిపోతాడు. విచారణ మాత్రం మన తలలో మొదలవుతుంది. "నిజంగా ఆ ఉద్దేశంతోనే అన్నాడా? నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా? నా ఇంగ్లిష్ బాగోలేదా?" రాత్రి రెండైనా అది తెగదు, పొద్దున్నే మళ్లీ ల్యాబ్. నేను చెప్పేది ఒకటే: ఆ తీర్పు మీరు ఇవ్వక్కర్లేదు. అవతలివాడి మనసులో ఏముందో తేలకపోయినా, మీకు బాధ కలిగింది. దాన్ని చూసుకోవడానికి అది చాలు.

ముందు ఒళ్లు శాంతించాలి. ఇప్పుడే నాతో కలిసి చేయండి. పాదాలు నేలకి ఆనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చండి. నోటితో ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలండి. మళ్లీ ఒకసారి. పీల్చేదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండె వేగం తగ్గుతుంది. క్లాసులో కూర్చుని చేసినా పక్కవాళ్లకి తెలియదు.

తర్వాత ఫోన్‌లో నోట్స్ తెరిచి రాయండి. ఇలా: "మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర, ల్యాబ్. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అందరి డౌట్లూ తీర్చాడు. నేను అడిగితే, మీవాళ్లంతా కాపీయే కదా అన్నాడు. పక్కన ఇద్దరున్నారు." జరిగింది ఒక పేరాలో, మీకు ఎలా అనిపించిందో ఇంకో పేరాలో. మెసేజ్ అయితే స్క్రీన్‌షాట్ తీయండి. కాగితం మీదకి వచ్చాక తలలో విచారణ సగం ఆగుతుంది. రేపు కంప్లయింట్ ఇవ్వాలనుకుంటే ఇదే పనికొస్తుంది.

తిరిగి సమాధానం చెప్పాలా? క్లాస్‌మేట్ అయితే మామూలు గొంతుతో "వాట్ డూ యూ మీన్ బై దట్?" అని అడిగి ఆగండి. వివరించే భారం వాళ్ల మీద పడుతుంది. పార్కింగ్ లాట్‌లోనో, బస్‌స్టాప్‌లోనో తెలియని మనిషి అరుస్తుంటే మాత్రం ఒక్క మాట కూడా వద్దు, అక్కణ్నుంచి కదలండి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో మన ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ని జాతి ద్వేషంతో ఎలా పొట్టన పెట్టుకున్నారో మన ఇళ్లల్లో ఎవరూ మర్చిపోలేదు. మీ ప్రాణం కన్నా సమాధానం ఎక్కువ కాదు. బెదిరింపు అనిపిస్తే ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయండి.

వార్తలు కూడా మనల్ని తినేస్తాయి. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది మన ఆదోని అమ్మాయి చనిపోయింది. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదంటూ ఒక ఆఫీసర్ నవ్విన వీడియో సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. చూసిన ప్రతి విద్యార్థికీ అది తన గురించే అన్నట్టు తగిలింది. అలాంటప్పుడు వార్త చదవండి, వీడియో పదేపదే చూడకండి. వాట్సాప్ గ్రూపుల్ని నాలుగు రోజులు మ్యూట్‌లో పెట్టినా తప్పు లేదు.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా భయపడే విషయం, కౌన్సెలింగ్. "వెళ్తే వీసాకి ఇబ్బందా?" అని అడుగుతారు. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన మీ ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా స్టేటస్‌కి ఏమీ కాదు. మీకో, ఇంకొకరికో ప్రాణాపాయం ఉందనిపిస్తే తప్ప మీరు చెప్పింది సాధారణంగా బయటికి పోదు. చాలా క్యాంపస్‌లలో కొన్ని సెషన్లు ఉచితం. చదువే సాగనంతగా కుంగిపోతే, డాక్టరో సైకాలజిస్టో ఇచ్చే లెటర్‌తో కోర్సులు తగ్గించుకునే వీలుంది. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు. కానీ ముందు డీఎస్ఓ, అంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, అనుమతి తీసుకోండి. అడగకుండా కోర్సు డ్రాప్ చేస్తేనే స్టేటస్‌కి ముప్పు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఏ వేళైనా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, లేదా మెసేజ్ పెట్టండి.

కంప్లయింట్ సంగతి. ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీలన్నిటికీ 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ సిక్స్ వర్తిస్తుంది. జాతి, రంగు, పుట్టిన దేశం చూసి వివక్ష చూపకూడదు. ముందు క్యాంపస్‌లోనే చెప్పండి. అమెరికా విద్యాశాఖ పౌర హక్కుల ఆఫీసుకి వెళ్లాలంటే మామూలుగా గడువు 180 రోజులు.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెప్తాను. "నల్లోళ్ల ఏరియా, రూమ్ తీసుకోకు" అని మన గ్రూపుల్లోనే రాసుకుంటాం. మనకి తగిలిన దెబ్బే వాళ్లకి మనం వేస్తున్నాం. ఈ రోజు మనం చెప్పుకుంటున్న చట్టం వెనుక ఉన్నది వాళ్ల పోరాటమే. బ్లాక్ స్టూడెంట్ యూనియన్ మీటింగ్ ఉంటే వెళ్లి కూర్చోండి. ఇలాంటి టెన్షన్ గురించి అంత అనుభవంతో మాట్లాడేవాళ్లు క్యాంపస్‌లో మీకు ఇంకెక్కడా దొరకరు.

సీనియర్లూ, మీ జూనియర్ వచ్చి చెప్పుకుంటే "లైట్ తీస్కో రా" అనకండి. తిన్నాడో లేదో అడగండి, చెప్పేదంతా వినండి, కౌన్సెలింగ్ ఆఫీసు దాకా తోడుగా వెళ్లండి.