నచ్చిన నవలా రచయితకి ఓటేస్తారా? (ఫోన్-ఇన్)

యాంకర్: ఇవాళ మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాలర్ తెనాలి నుంచి. చెప్పండి సార్.

తెనాలి కాలర్: నమస్కారం మాస్టారూ, వినపడుతోందాండీ? నేను ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. అప్పట్లో డ్యూటీలో కూడా సంచిలో పుస్తకం ఉండేది, మా కంట్రోలర్ తిట్టేవాడు...

మాస్టారు: ముందు టీవీ సౌండ్ తగ్గించండి. ప్రశ్న?

తెనాలి కాలర్: చలంగారు మా దగ్గర ఎమ్మెల్యేగా నిలబడితే గెలుస్తారాండీ? ఆడవాళ్ళ ఓట్లన్నీ ఆయనకే కదా?

మాస్టారు: ఆడవాళ్ళ ఓట్లు గంపగుత్తగా ఎవరికీ పడవు. 'మైదానం' నవలలో రాజేశ్వరి ఇల్లు వదిలిపోయిందని దాన్ని చలం మేనిఫెస్టో అనుకోకండి. పాత్ర వేరు, రచయిత వేరు. ఆయన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా చేశారు, 'బిడ్డల శిక్షణ' రాశారు. ప్రచారానికెళ్ళి, గుమ్మంలో పిల్లాణ్ణి బాదుతున్న తండ్రి చెయ్యి పట్టుకుంటారు. ఆ ఇంట్లో నాలుగు ఓట్లూ పోయినట్టే.

తెనాలి కాలర్: అంటే గెలుస్తారా అండీ?

మాస్టారు: డిపాజిట్ దక్కదు బాబూ!

తెనాలి కాలర్: పోనీ విశ్వనాథ?

మాస్టారు: ఆయన 1958లో శాసనమండలికి వెళ్ళారు. నామినేట్ చేశారు, ఓట్లడగాల్సిన పని పడలేదు. అడిగితే ఓటరుకే ఛందస్సులో పరీక్ష పెట్టేవారేమో! ఆయన నవల 'వేయిపడగలు' హిందీలోకి తెచ్చిన పీవీగారు మాత్రం ప్రధాని అయ్యారు.

తెనాలి కాలర్: చలంగారికి విద్యాశాఖైనా...

యాంకర్: థాంక్యూ సార్. వరంగల్ నుంచి ఇంకొకరు.

వరంగల్ కాలర్: నమస్తే సార్. ఉన్నవ లక్ష్మీనారాయణ గారికైతే ఏస్తరా?

మాస్టారు: వేస్తానమ్మా. పల్నాడు అడవి సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, అక్కడే 'మాలపల్లి' రాశారు, సర్కారు నిషేధించింది. అయినా నా ఓటు నవలకి కాదు. గుంటూరులో ఆడపిల్లల చదువుకి శారదా నికేతనం పెట్టి నడిపారు చూశారా, దానికి. మళ్ళీ చెప్తున్నా, పాత్రల్ని చూసి ఓటెయ్యకండి.

యాంకర్: హైదరాబాద్ కాలర్, త్వరగా.

హైదరాబాద్ కాలర్: సార్, నిజంగా నిలబడ్డ నవలా రచయిత ఎవరైనా?

మాస్టారు: పెరూలో వర్గాస్ యోసా. 1990 అధ్యక్ష ఎన్నికల్లో మొదటి విడత ఆయనే ముందు. ఆర్థిక వ్యవస్థకి గట్టి మందు తప్పదు, జనానికి కష్టమేనని ముందే చెప్పేశారు. అలాంటి దెబ్బ వద్దన్న ఫుజిమోరి రెండో విడతలో గెలిచాడు. గెలిచి, ఆగస్టులో అదే దెబ్బ కొట్టాడు. పెట్రోలు, రొట్టె, అన్నిటి ధరలూ ఒక్కసారే...

యాంకర్: సారీ మాస్టారూ, వార్తల టైమైంది. ఒంగోలు కాలర్, లైన్లోనే ఉండండి.