ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, హారన్ పోయింది: రెండూ ఒకేసారి ఎందుకు?

[తెర మీద: డ్యాష్‌బోర్డు క్లోజప్. కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బ్యాగు ఉన్న గుర్తు]

నమస్కారమండీ. ఈ గుర్తు చూడండి. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్‌లో ఏదో తేడా ఉన్నట్టే. ఇక బండి దేన్నైనా గుద్దితే బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

దానికి తోడు హారన్ కూడా పోయిందనుకోండి. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో హారన్ లేని బండి ఎలా నడుపుతాం? అందుకే చాలామంది ముందు హారన్ పనే చూస్తారు. స్టీరింగ్ కింద విడిగా ఒక బటన్ బిగించేస్తారు. హారన్ మోగుతుంది, టెన్షన్ పోతుంది, ఎర్ర లైటు మాత్రం అలాగే వెలుగుతూ ఉంటుంది. ఆ బటన్ కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. బండి రెండు గొంతులతో ఒకే మాట చెబుతుంటే మనం ఒక గొంతు నొక్కేశాం, అంతే.

[తెర మీద: విప్పిన స్పైరల్ కేబుల్, చేతిలో]

ఈ రెండింటికీ ఉమ్మడి దారి ఇదే. స్పైరల్ కేబుల్ అంటారు, కొందరు క్లాక్ స్ప్రింగ్ అంటారు. స్టీరింగ్ వీల్ తిరుగుతుంది, దాని కింది భాగం తిరగదు. మామూలు వైరు పెడితే మెలిపడి తెగిపోతుంది. అందుకే ఈ డబ్బాలో వెడల్పాటి సన్నని రిబ్బను చుట్టి పెడతారు. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా అది బిగుస్తుంది, వదులవుతుంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు, హారన్, స్టీరింగ్ మీది ఆడియో బటన్లు, అన్నింటి వైర్లూ ఇందులోంచే. ఇదిగో, ఇక్కడ మడత దగ్గర చూడండి: పై ప్లాస్టిక్ బాగానే ఉంది, లోపలి రాగి పట్టీ మాత్రం చిట్లింది.

ఒక ఆనవాలు చెబుతాను. స్టీరింగ్ నేరుగా ఉంటే హారన్ మోగి, ఒక పక్కకు తిప్పితే మోగకపోతే దీని మీదే అనుమానపడండి. ఆడియో బటన్లు కూడా పనిచేయకపోతే అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

అయినా డబ్బు ఖర్చు పెట్టేముందు తేలికైనవి చూసేయాలి. ఫ్యూజ్ చూడండి. తర్వాత ఇంకొకరిని హారన్ నొక్కమని, మీరు రిలే (బటన్ నొక్కగానే హారన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్) దగ్గర చెవి పెట్టండి. చాలా బళ్లలో టిక్ అని వినపడిందంటే స్టీరింగ్ వైపు బాగానే ఉంది, తప్పు హారన్‌లోనో దాని వైరులోనో ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బళ్లలో ఇది మామూలే. హారన్ ముందు గ్రిల్ వెనకాల ఉంటుంది, ఉప్పుగాలికి కనెక్టర్ చిలుము పడుతుంది. టిక్ లేకపోతే, ఫ్యూజూ రిలే బాగుంటే, మళ్లీ స్పైరల్ కేబులే.

హారన్ బాగుండి లైటు ఒక్కటే వెలిగితే కథ వేరు. సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ సిస్టమ్ వైర్లని కలిపే పసుపు కనెక్టర్లు ఉంటాయి. సీటు ముందుకూ వెనక్కూ జరుపుతుంటే వదులవుతాయి, వరదనీళ్లు లోపలికి వచ్చిన బండిలో చిలుమెక్కుతాయి. ఏ దారి తెగిందో స్కానర్ (బండి కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లు చదివే మిషను) చెబుతుంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్ ఓపెన్, లేదా రెసిస్టెన్స్ ఎక్కువ అని కోడ్ వస్తే స్పైరల్ కేబుల్ మీద మన అనుమానం నిజమైనట్టే. కోడ్ చెరిపేస్తే చాలు అనే మెకానిక్‌కి దండం పెట్టి బయటికి రండి. బల్బు పీకేసేవాళ్లకీ, రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేసేవాళ్లకీ కూడా అంతే.

[తెర మీద: బ్యాటరీ నెగటివ్ తీస్తున్న చేతులు]

స్పైరల్ కేబుల్ మార్చే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి, కానీ పక్కన నిలబడి చూడండి. తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ తీసి, కంపెనీ మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. ఎయిర్‌బ్యాగుని నడిపే కంట్రోల్ మాడ్యూల్‌లోని కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. ఎయిర్‌బ్యాగుకి నేరుగా మల్టీమీటర్ గానీ, టెస్ట్ ల్యాంప్ గానీ తగిలించకూడదు, అందులో పేలుడు మందు ఉంటుంది, పేలుతుంది. తీసిన బ్యాగును కవరు వైపు పైకి ఉండేలా పెట్టాలి.

ఇంకా ముఖ్యమైంది: ముందు చక్రాలు నేరుగా ఉండాలి, కొత్త కేబుల్ సరిగ్గా మధ్యలో ఉండాలి. ఎటో ఒక పక్కకు చుట్టుకుని ఉండగా బిగిస్తే, మొదటి యూ టర్న్‌లోనే పుటుక్కుమంటుంది. బిగించాక స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ హారన్ నొక్కి చూడండి. తాళం తిప్పి, లైటు వెలిగి ఆరిందాకా చూసి, అప్పుడు డబ్బులివ్వండి.