ఒక పెట్రోల్, ఒక జంతువు, నలభై నిమిషాలు

స్కౌట్ మాస్టర్లకు, గైడ్ కెప్టెన్లకు, జూ విద్యా విభాగాల్లో పనిచేస్తున్న మిత్రులకు నమస్కారం.

జూలు ఇప్పుడు స్కౌట్ల కోసం చాలా కార్యక్రమాలు నడుపుతున్నాయి. గైడుతో కలిసి తిరిగే టూర్లు, బ్యాడ్జ్ వర్క్‌షాపులు, జంతువులను దగ్గరగా చూపించే సెషన్లు, రాత్రి జూలోనే పడుకునే క్యాంపులు, సేవా కార్యక్రమాలు. ఇన్ని ఉన్నా, ట్రూప్, అంటే మొత్తం స్కౌట్ దళం, జూకి వెళ్లొచ్చాక ఏం చూశారని అడిగితే పిల్లలు జంతువుల పేర్లు వరసగా చెబుతారు. పులి, సింహం, జిరాఫీ, మొసలి. ఆ పులి ఏం చేస్తోందని అడిగితే ‘పడుకుంది సార్’ అంటారు. పిల్లల తప్పేం లేదు. రెండు గంటల్లో జూ మొత్తం తిప్పేస్తే ఎవరికైనా అంతకన్నా ఏం కనిపిస్తుంది?

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. జూ అంతా చూపించాలనే ఆలోచన మానుకోండి. ఒక్కో పెట్రోల్‌ని, అంటే ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే ఆ చిన్న జట్టుని, ఒక్కో జంతువు దగ్గర నలభై నిమిషాలు కూర్చోబెట్టండి. మిగతా కార్యక్రమాలన్నీ ఆ నలభై నిమిషాలను పట్టుకుని అల్లుకోండి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ నడిపిన మొదటి క్యాంపులో సుమారు 20 మంది అబ్బాయిలు నాలుగు పెట్రోళ్లుగా ఉన్నారు. ఆ పెట్రోళ్ల పేర్లు తోడేళ్లు, ఎద్దులు, రేవన్ కాకులు, కర్లూలు. కర్లూ అంటే వంగిన పొడవాటి ముక్కుతో బురదలో పురుగులు ఏరుకునే పక్షి. ఆ క్యాంపులో పరిశీలనకు, ప్రకృతి జ్ఞానానికి విడివిడిగా రోజులు కేటాయించారు. అదే 1907లో, క్యాంపుకి మూడు నెలల ముందు, హాంబర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ తన జూ తెరిచాడు. చూసేవాళ్లకీ జంతువులకీ మధ్య ఇనుప ఊచలకు బదులు కందకాలు పెట్టిన జూ అది. ఒక చోట పిల్లలకు జంతువుల పేర్లు పెట్టి చూడటం నేర్పిస్తున్నారు. ఇంకో చోట చూడటానికి అడ్డుగా ఉన్న ఊచలు తీసేస్తున్నారు. ఈ రెండు పనులూ ఒకే ఏడాది జరగడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

మీ ట్రూప్‌లోనూ పెట్రోళ్లకు జంతువుల పేర్లే ఉంటాయి. ఆ పేరున్న జంతువు జూలో ఉంటే అక్కడే మొదలుపెట్టండి. జెండా మీద తోడేలు బొమ్మ మోస్తూ తోడేలు గురించి ఏమీ తెలియకుండా ఉండటం బాగుండదు కదా.

ఇక నలభై నిమిషాల్లో ఏం చేయాలి? ఒక కాగితం మీద నిలువుగా నిమిషాలు, అడ్డంగా జంతువు చేసే పనులు రాసుకోవాలి. నిలబడటం, నడవడం, తినడం, వాసన చూడటం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం, పడుకోవడం, కనబడకపోవడం. నిమిషానికి ఒకసారి, ఆ క్షణంలో జంతువు ఏం చేస్తుంటే ఆ గడిలో గీత పెట్టాలి. పెట్రోల్ లీడర్ టైం చూసి చేత్తో సైగ చేస్తే చాలు, విజిల్ మాత్రం వద్దు. జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసే శాస్త్రజ్ఞులు వాడే పద్ధతి కూడా ఇలాంటిదే. 1974లో జీన్ ఆల్ట్‌మన్ పరిశీలన పద్ధతుల మీద రాసిన వ్యాసాన్ని వాళ్లు ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటారు. పదకొండేళ్ల పిల్ల చేతిలో ఒక పెన్సిల్, ఒక కాగితం ఉంటే అదే పని చేయగలదు.

ఒక్క నియమం గట్టిగా పెట్టండి. ‘కోపంగా ఉంది’, ‘బోర్ కొడుతోంది’, ‘మమ్మల్ని చూసి నవ్వింది’ అని రాయకూడదు. చెవులు వెనక్కి వాల్చింది, తోక కొసను రెండుసార్లు ఆడించింది, పళ్లు కనిపించేలా పెదవి పైకి లేపింది అని రాయాలి. చింపాంజీ పళ్లన్నీ బయటపెడితే పిల్లలు నవ్వు అనుకుంటారు. చాలాసార్లు అది భయానికో, లొంగుబాటుకో గుర్తు. చూసినదాన్ని ముందు రాసుకుని, అర్థం తర్వాత వెతుక్కోవడం అలవాటైతే ఆ అలవాటు జూ బయట కూడా పనికొస్తుంది.

మొదటి పది నిమిషాలు కష్టంగానే ఉంటాయి. పిల్లలు కదులుతారు, గొణుగుతారు, పక్క ఎన్‌క్లోజర్ వైపు చూస్తారు. అక్కడ మీరు కంగారు పడి లేపేయకండి. పదిహేనో నిమిషం దాటాక వాళ్లంతట వాళ్లే గుసగుసగా ఒకరికొకరు చూపించుకోవడం మొదలుపెడతారు. ఏనుగు వేళ్ల కొసల మీదే నిలబడి ఉందని, ఫ్లెమింగో కాలు వెనక్కి వంగే చోటు మోకాలు కాదు, చీలమండ అని, పాముకి కనురెప్పలే లేవని అప్పుడు చెప్పండి. అంతసేపు చూసిన పిల్లలకు ఆ మాట వెంటనే పడుతుంది. ముందే చెబితే గాలికి పోతుంది. కబ్స్ వయసు చిన్నపిల్లలకు నలభై నిమిషాలు ఎక్కువ. వాళ్లకు పది నిమిషాలు, ఒక బొమ్మ గీయడం చాలు.

కొన్నిసార్లు గీతలన్నీ ‘నడవడం’ గడిలోనే పడతాయి. జంతువు ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. పిల్లలు అడుగుతారు. మాట దాటేయకండి. బంధనంలో ఉన్న జంతువులు కొన్ని ఏ ప్రయోజనమూ లేని ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేస్తాయి. చోటు, చేయడానికి పని, దాక్కునే వీలు తక్కువైతే ఇలా వస్తుంది. ఒక్కోసారి పాత చోట పడిన అలవాటు కొత్త చోటికొచ్చాక కూడా పోదు. మేత వేళ దగ్గర పడిందని తిరుగుతూ ఉండొచ్చు కూడా. ఏది నిజమో ఆ జంతువుని రోజూ చూసే కీపర్‌ని అడగాలి. తమ కాగితం చేతిలో పట్టుకుని కీపర్‌ని ప్రశ్న అడిగే పిల్లలకు మంచి జవాబు దొరుకుతుంది.

తోడేళ్ల పెట్రోల్ కోసం ఒక సంగతి చెప్పాలి. ఇది కాస్త పెద్దది, ఓపిక పట్టండి. గుంపులో బలమైన తోడేలు మిగతావాటిని కొట్లాడి అణచి నాయకుడవుతుందని చాలామంది నమ్ముతారు. దాన్ని ‘ఆల్ఫా’ అంటారు. పెట్రోల్ లీడర్లకు శిక్షణలో కూడా ఈ పోలిక వినిపిస్తుంది. దీని మూలం ఒక జూలోనే ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్లను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పరిమితమైన చోట కలిసి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం పోట్లాడుకుంటాయని ఆయన రాశాడు. చూసింది చూసినట్టే రాశాడు. తర్వాత అమెరికన్ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్ కూడా ‘ఆల్ఫా’ మాటను వాడి, దానికి బాగా ప్రచారం తెచ్చాడు. కానీ కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి వేసవుల్లో దగ్గర నుంచి చూశాక, గుంపు అంటే సాధారణంగా అమ్మ, నాన్న, వాళ్ల పిల్లలు అని ఆయనే 1999లో రాశాడు. అక్కడ నాయకత్వం కొట్లాటలో గెలిచింది కాదు, తల్లిదండ్రులకు ఉండేదే. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చు వేయొద్దని ప్రచురణకర్తను కూడా ఆయనే కోరాడు.

ఈ కథను స్కౌట్లకు తప్పకుండా చెప్పమంటాను. ఎన్‌క్లోజర్‌లో కనిపించే ప్రవర్తనలో కొంత జంతువుది, కొంత ఆ ఎన్‌క్లోజర్‌ది. తమ కాగితంలో గీతలు నిజమే. వాటి నుంచి ఎంతవరకు చెప్పొచ్చో ఆగి ఆలోచించాలి. పన్నెండేళ్ల వయసులో ఇది అర్థమైతే ఎంత మేలో చూడండి.

చూడటం అయ్యాక చేతులకు పని. జంతువుకి వెతుక్కునే పని, ఎక్కే చోటు, కొత్త వాసన, తవ్వే నేల కల్పించడాన్ని జూ వాళ్లు ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. ఇందులో స్కౌట్లకు మిగతా పిల్లలకన్నా అనుకూలత ఉంది, వాళ్లకు ముడులు వచ్చు. వెదురు బొంగుల్ని తాళ్లతో బిగించి వేదిక కట్టడం మనం క్యాంపులో ఊరికే నేర్పి విప్పేస్తాం. అదే వేదిక కోతుల ఎన్‌క్లోజర్‌లో గట్టిగా నిలిచిందనుకోండి, ఆ ముడి వేసిన పిల్లవాడు దాన్ని జన్మలో మర్చిపోడు.

అయితే ఇక్కడ కీపర్ మాటే ఆఖరి మాట. అట్టపెట్టెలో గడ్డి నింపి మధ్యలో మేత దాచి ఇవ్వొచ్చు, కానీ పెట్టెకి టేపు, స్టేపుల్ పిన్నులు, మెరుపు కాగితం ఉండకూడదు. తాడు పీచులు ఊడేలా ఉంటే జంతువు మింగితే పేగులో అడ్డం పడొచ్చు. ఉచ్చులా బిగిసే ముడి అసలు వద్దు, మెడో కాలో ఇరుక్కుంటుంది. ఏ ముడి బరువు పడితే బిగుస్తుంది, ఏది బిగవదు అనే ప్రశ్నకు ఇంతకన్నా గట్టి కారణం క్యాంపులో దొరకదు. తయారు చేసే ముందు ‘జంతువు దీన్ని ఏం చేస్తుంది’ అని పెట్రోల్ రాసిపెట్టుకోవాలి. లోపల పెట్టాక మళ్లీ నలభై నిమిషాలు చూసి, మొదటి కాగితంతో పోల్చాలి. ఊహ తప్పినా ఏం పర్వాలేదు, అది కూడా ఫలితమే.

జంతువుని ముట్టుకోవడం, ఎత్తుకుని ఫొటో దిగడం ఉన్న కార్యక్రమాల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నేను వాటిని ఎంచుకోను. బ్యాచ్ తర్వాత బ్యాచ్ పిల్లల చేతులు మారే జంతువుకి అది ఒత్తిడి. పిల్లలకు కూడా జంతువు అంటే ఫొటో కోసం ఎత్తుకునేది అనే భావం పడుతుంది. స్విస్ జీవశాస్త్రజ్ఞుడు హైని హెడిగర్ 1942లోనే రాశాడు, ప్రతి జంతువుకీ ఒక ‘పారిపోయే దూరం’ ఉంటుందని. మనం ఆ దూరం దాటి దగ్గరికొస్తే అది పారిపోతుంది. ఆ గీత ఎక్కడుందో గుర్తుపట్టి బయటే ఆగడం స్కౌట్ నేర్చుకోవాల్సిన విద్య.

దానికి బదులు వైద్య శిక్షణ చూపించమని జూని అడగండి. రక్తం తీయడానికి ఏనుగు తానే చెవిని కంచె దగ్గరికి తెస్తుంది, నీటిగుర్రం పళ్ల పరీక్షకు నోరు తెరుస్తుంది. బలవంతం ఉండదు, సరిగా చేసినప్పుడు ఒక శబ్దం, ఒక బహుమతి. చూశాక పిల్లలతో ఈ ఆట ఆడించండి. ఒకరిని దూరం పంపి, వాళ్లు ఏం చేయాలో మిగతావాళ్లు నిర్ణయించుకోవాలి. మాట లేకుండా చప్పట్లతోనే ఆ పని చేయించాలి. రెండు రౌండ్లలో కీపర్ ఓపిక ఏంటో తెలిసిపోతుంది.

రాత్రి క్యాంపు గురించి క్లుప్తంగా చెబుతాను. టార్చి మీద ఎర్ర కాగితం చుట్టండి, చాలా నిశాచర క్షీరదాలకు ఎర్ర వెలుతురు సరిగా కనబడదు. నిర్ణీత దారి దాటనివ్వొద్దు. సింహం గర్జన ప్రశాంతమైన రాత్రి 8 కిలోమీటర్ల దూరం వరకు వినిపిస్తుంది. అంత గొంతు ఎందుకో తెల్లవారే లోపు పిల్లలనే చెప్పమనండి. ఏ శబ్దం ఏ వైపు నుంచి, ఎన్ని గంటలకు వచ్చిందో రాసే డ్యూటీ వంతులవారీగా వేయండి.

ఇక ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. ‘వీటిని ఎందుకు బంధించారు?’ దీనికి పోస్టర్ మీది జవాబు ఇవ్వకండి. ఎడారిలో బతికే పొడవాటి కొమ్ముల జంతువు అరేబియన్ ఓరిక్స్ కథ మొత్తం చెప్పండి. వేటతో అది అంతరించిపోయేలా ఉందని 1962లో కొన్నింటిని పట్టుకున్నారు. అమెరికాలోని ఫీనిక్స్ జూలో తొమ్మిది జంతువులతో ఒక మంద మొదలైంది. 1972కల్లా అడవిలో ఒక్కటీ మిగల్లేదు. జూలలో పెరిగినవాటిని 1982లో ఒమన్ ఎడారిలో తిరిగి వదిలారు. 2011 నాటికి ప్రమాద స్థాయి కొంత తగ్గిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించింది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ ఒమన్‌లోని ఆ మందను 1996 నుంచి వేటగాళ్లు మళ్లీ దెబ్బతీశారు. ప్రభుత్వం అభయారణ్యం విస్తీర్ణాన్ని 90 శాతం తగ్గించింది. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. అలా జాబితా నుంచి పోయిన మొదటి ప్రదేశం అదే. జూ జంతువుని బతికించగలదు. వదలడానికి నేల, కాపాడే మనుషులు లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. అన్ని జంతువులకూ ఈ కథ వర్తించదని, అడవికి తిరిగి వెళ్లలేనివే జూలలో ఎక్కువని కూడా చెప్పండి. తర్వాత పిల్లలు వాదించుకుంటే వాదించుకోనివ్వండి.

మాస్టర్లకు ఒక మాట: జూకి వెళ్లే ముందు ట్రూప్ మీటింగుల్లో ఈ పరిశీలన పద్ధతిని వీధి కుక్క మీదో, పావురం మీదో ప్రాక్టీసు చేయించండి. ఒకసారి మీరొక్కరే జూకి వెళ్లి కీపర్‌తో మాట్లాడి, ఏ ఎన్‌క్లోజర్ దగ్గర పెట్రోల్ కూర్చునే చోటుందో, నీడుందో చూసుకోండి. బ్యాడ్జ్ ఆ రోజే చేతిలో పెట్టకండి. కాగితాలు పోల్చి, పెట్రోల్ తన జంతువు గురించి మిగతా ట్రూప్‌కి చెప్పిన తర్వాత ఇవ్వండి.

జూ మిత్రులకు ఒక విన్నపం. పిల్లలు నింపిన కాగితాలను చెత్తబుట్టలో పడేయకండి. వాటిని కీపర్‌కి చూపించి, ‘మీరు రాసిన ఈ సంగతి మేం గమనించలేదు’ అనో, ‘ఇది ఫలానా కారణం వల్ల’ అనో రెండు వాక్యాల జవాబు పెట్రోల్ లీడర్ పేరు మీద పంపించండి. ఆ జవాబు వస్తే వాళ్లు మళ్లీ వస్తారు, ఈసారి ఇంకో ఋతువులో, అదే జంతువు దగ్గరికి.