గోవు ఒకటి, అర్థాలు పది

నిర్వాహకురాలు: నమస్కారం. చెన్నై నుంచి వెలువడుతున్న మా పాడ్‌కాస్ట్‌లో ఈ వారం ‘గోవు’ అనే మాటను గురించి ముచ్చటించుకుందాం. తిరువల్లిక్కేణిలో స్థిరపడిన మా తెలుగు మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, గోవంటే ఆవే కదా, అంతసేపు మాట్లాడడానికి అందులో ఏముందని మా ఇంట్లోనే అడిగారు.

మాస్టారు: అడగవలసిన ప్రశ్నేనమ్మా. అమరకోశం నానార్థవర్గంలో ఈ ఒక్క మాటకు స్వర్గం, బాణం, పశువు, వాక్కు, వజ్రాయుధం, దిక్కు, కన్ను, కిరణం, భూమి, నీరు అని పది అర్థాలు కనిపిస్తాయి. గోపతి అంటే రాజూ అవుతాడు, సూర్యుడూ అవుతాడు. రాజు విషయంలో ‘గో’ భూమి, సూర్యుడి విషయంలో కిరణం. శ్లేష కట్టే కవులకు ఇంతకు మించిన పాడి లేదు.

నిర్వాహకురాలు: అవన్నీ నిఘంటువులోని మాటలు. మన నోళ్లలో మిగిలినవేమిటి?

మాస్టారు: గోష్ఠి ఉంది. గోష్ఠమంటే ఆవుల కొట్టం. పశువులు కూడే చోటును చెప్పిన మాట క్రమంగా మనుషులు కూడి మాట్లాడుకునే సభకు వచ్చి, మనకు సాహిత్యగోష్ఠి, ఇష్టాగోష్ఠి అయింది. మా పార్థసారథి స్వామి గుడిలో దివ్యప్రబంధం పఠించే బృందమూ గోష్ఠే. అక్కడి నుంచి ఇంటికి వచ్చి తమిళ పత్రిక తెరిస్తే, పార్టీలోని ముఠా తగాదాకు ‘గోష్టి పూసల్’ అని శీర్షిక కనబడుతుంది! పరిశోధనకు మనం వాడే గవేషణలో ఉన్నదీ ఆవుల కోసం వెతుకులాటే. అర్చన చేయించేటప్పుడు చెప్పే గోత్రం కూడా ఋగ్వేదంలో పశువుల దొడ్డి.

నిర్వాహకురాలు: గవాక్షం సంగతి?

మాస్టారు: గోవు కన్ను. మహాబలిపురం రథాల చూరుల మీద లాడం ఆకారంలో వరుసగా చిన్న చిన్న తోరణాలుంటాయి. వాటిలో కొన్నింటి నుంచి ముఖాలు తొంగిచూస్తుంటాయి. తమిళులు వాటిని ‘కూడు’ అంటారు, శిల్పశాస్త్రం గవాక్షమంటుంది. ఈసారి వెళ్లినప్పుడు తలెత్తి చూడు.

నిర్వాహకురాలు: అయితే ‘గో’తో మొదలైన ప్రతి మాటలోనూ ఆవును వెతకవచ్చా?

మాస్టారు: అదే వద్దంటాను. గోడలోనూ గోంగూరలోనూ ఆవు లేదు. గోపురం విషయంలో పండితులు ఇంకా ఒక మాట మీదికి రాలేదు. సంస్కృతం వైపే చూస్తూ మనం అచ్చతెలుగు ‘ఆవు’ను చిన్నచూపు చూస్తాం గానీ, దాని తోబుట్టువు రోజూ ఉదయం మన గుమ్మంలోనే ఉంటుంది. తమిళంలో ‘ఆ’ అంటే ఆవు, ‘ఆవిన్’ అంటే ఆవు యొక్క. తమిళనాడు సహకార పాల సంస్థ ‘ఆవిన్’ పాలకవరు మీద ఉన్నది ఆ మాటే.

నిర్వాహకురాలు: మరి గొడ్డు?

మాస్టారు: పాపం, గోవు అనగానే చేతులు జోడించే మనమే, గొడ్డు అనేసరికి చాకిరీని జతచేస్తాం. ఒళ్లు హూనమయ్యేలా పనిచేస్తే గొడ్డుచాకిరీ, కనికరం లేకుండా కొడితే గొడ్డును బాదినట్టు బాదడం. గొడ్డుకారంలోని గొడ్డు మాత్రం పశువు కాదు; అక్కడ దానికి వట్టిది అని అర్థం, ఏ పప్పూ కలపని ఉత్త కారమన్నమాట.

నిర్వాహకురాలు: ధన్యవాదాలు మాస్టారూ. వచ్చే భాగంలో దున్నపోతు నుంచి తిండిపోతు దాకా, ‘పోతు’ సంగతి చూద్దాం.