బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?

అక్క: అందరికీ నమస్కారం. ఈ వారం విషయం మా తమ్ముడే తెచ్చిపెట్టాడు. ఆఫీసు మీటింగులో నోటిదాకా వచ్చిన మాట మింగేస్తున్నానని మొన్న ఫోన్లో ఒకటే బాధ.

తమ్ముడు: అవునక్కా. తెలియక కాదు, ఆ పని చేసిందే నేను. తీరా మాట్లాడే వేళకి 'నేనెంత, నా మాటెంత' అనిపిస్తుంది.

అక్క: నీకో ప్రయోగం చెప్తాను. 2017లో అచ్చయింది. నాలుగేళ్లవాళ్లు, ఆరేళ్లవాళ్లు కలిపి 180 మంది పిల్లలు. పది నిమిషాలపాటు చేయమని కంప్యూటర్ మీద ఒకే రకం విసుగు పని ఇచ్చారు. పక్కనే ఐప్యాడ్‌లో గేమ్. ఎప్పుడు కావాలంటే అప్పుడెళ్లి ఆడుకోవచ్చు.

తమ్ముడు: ఇంకేముంది, అందరూ గేమ్ దగ్గరే ఉంటారు!

అక్క: ఎక్కువసేపు అక్కడే ఉన్నార్రా, నిజమే. కానీ తమను తాము ఎలా ప్రశ్నించుకున్నారన్న దాన్నిబట్టి తేడా వచ్చింది. కొందరు 'నేను కష్టపడుతున్నానా?' అనుకోవాలి. కొందరు 'నేను' బదులు తమ పేరు పెట్టుకుని అడగాలి. మిగిలినవాళ్లు బ్యాట్‌మ్యాన్, డోరా, రపంజెల్, బాబ్ ద బిల్డర్ అనే పిల్లల కథల పాత్రల్లో నచ్చినవాళ్లను ఎంచుకుని, కాస్త వేషం కట్టి, 'బ్యాట్‌మ్యాన్ కష్టపడుతున్నాడా?' అని అడగాలి. వేషం కట్టినవాళ్లే పనిలో ఎక్కువసేపు నిలబడ్డారు. వాళ్ల తర్వాత పేరు పెట్టుకున్నవాళ్లు. 'నేను' అన్నవాళ్లు అందరికన్నా వెనక.

తమ్ముడు: పేరు మారిస్తేనే అంత తేడానా?

అక్క: మన నుంచి మనం కాస్త పక్కకు జరిగి చూసుకోగలుగుతాం అంటారు పరిశోధకులు. నాకు తోచేదేంటంటే, 'నేను' అనగానే పాత లెక్కలన్నీ వెంటపడి వస్తాయి. ఎప్పుడో తడబడింది, ఎవరో నవ్వింది. బ్యాట్‌మ్యాన్‌కి ఆ లెక్కలేవీ లేవు కదా!

తమ్ముడు: పిల్లలకి సరే. ముప్పై దాటిన నేను బ్యాట్‌మ్యాన్ అనుకుంటే ఎలా?

అక్క: పెద్దవాళ్లూ చేశారు. గాయని బియాన్సే స్టేజి మీది తన ధీమాకి సాషా ఫియర్స్ అని పేరు పెట్టుకుంది. 2008లో ఆల్బమ్ పేరులోనూ ఆ పేరు కలిపింది. కొన్నేళ్లకి ఇక సాషా అవసరం లేదంది. నాకు నచ్చింది ఆ వదిలేయడమే. అయినా నీకు హీరోలు ఎందుకురా? మన నాయనమ్మ లేదూ?

తమ్ముడు: సంతలో ఎంతటివాడినైనా నిలబెట్టి అడిగేసేది.

అక్క: గొంతు పెంచకుండా, చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునేది. మీటింగ్‌కి ముందు 'నాయనమ్మ అయితే ఇక్కడ ఏమంటుంది?' అని అడుగు. ధైర్యం తెచ్చుకో అని నీకు నువ్వు చెప్పుకుంటే ఏం చేయాలో తెలియదు. నాయనమ్మ ఏం చేస్తుందో నీకు బాగా తెలుసు.

తమ్ముడు: పొద్దున్నే లేవడానికీ పనికొస్తుందా?

అక్క: వస్తుంది. ఆవిడ అలారం ఆపేసి మళ్లీ ముసుగు తన్నేది కాదుగా! కానీ ఒక్కో పనికే పెట్టుకో. పని అవగానే మళ్లీ నువ్వు నువ్వే. బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ 1972లో జిగ్గీ స్టార్‌డస్ట్ అనే పాత్రగా స్టేజెక్కాడు. 1973 జులైలో లండన్‌లో ఆ పాత్రకి ముగింపు పలికినా, అది తనని వదల్లేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. రోజంతా వేషంలో ఉంటే అసలు మనిషి అలిసిపోతాడు.

తమ్ముడు: మరి మా బుజ్జిగాడికి? హోంవర్క్ అంటే చాలు, ఏడుపు.

అక్క: 'బ్యాట్‌మ్యాన్ ఇలా ఏడుస్తాడా?' అని మాత్రం అనకు. అది తిట్టే అవుతుంది, ఆ పాత్ర మీదే విరక్తి పుడుతుంది. ఆ ప్రయోగంలో పాత్రని పిల్లలే ఎంచుకున్నారు. వాడినే ఎంచుకోనీ. డైనోసార్ అన్నా సరే, ఒప్పుకో.