ఒట్టు వేయించుకోకండి

శ్రోతలకు నమస్కారం.

పిల్లల ఒంటి మీద వాళ్లంతట వాళ్లు చేసుకున్న గాయాలు కంట పడినప్పుడు, అమ్మో నాన్నో తరచుగా అనే మాట ఒకటుంది. "ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని నా మీద ఒట్టు వెయ్యి." గుండె ఆగినంత పనై, ప్రేమ కొద్దీ అనే మాటే అది. అయినా ఆ ఒట్టు వేయించుకోవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం.

ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ గాయం వెనక ఏం జరుగుతోందో చూడాలి. "అందరూ తనని పట్టించుకోవాలని చేస్తోంది" అని తేల్చేసేవాళ్లు ఉంటారు. అదే నిజమైతే ఆ పిల్ల ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కాలు ఎందుకు వేసుకుంటుంది? చాలామంది పిల్లలు దీన్ని దాచడానికే నానా అవస్థలూ పడతారు. లోపల తట్టుకోలేనంత బాధ ఉంటుంది. లేదా ఏమీ అనిపించనంతగా మనసు మొద్దుబారిపోయి ఉంటుంది. గాయపరచుకున్నప్పుడు కాసేపు అది సద్దుమణిగినట్టు ఉంటుంది. కాసేపే. ఆ తర్వాత సిగ్గు, తన మీద తనకే అసహ్యం, మళ్లీ అదే బాధ. ఒట్టు వేయించుకున్నంత మాత్రాన ఆ బాధ ఎక్కడికీ పోదు. నాలుగు రోజులాగి మళ్లీ చేసుకుంటుంది, ఈసారి ఇంకా జాగ్రత్తగా దాస్తుంది. అమ్మ మీద వేసిన ఒట్టు తప్పానన్న బరువు అదనం.

చాలాసార్లు ఇది చావడానికి చేసే ప్రయత్నం కాదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఇలా గాయపరచుకునేవాళ్లకి ఆత్మహత్య ముప్పు మిగతావాళ్లకన్నా ఎక్కువ. అందుకని ఆ సంగతి సూటిగా అడగాలి.

అడగడానికి మంచి సమయం, ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కాదు. పక్కపక్కన ఏదో పనిలో ఉన్నప్పుడు, బట్టలు మడతపెడుతూనో, ఇద్దరే నడుస్తూనో. "నీ చేతి మీద గాయాలు చూశాను. తిట్టడానికి రాలేదు. చాలా రోజులుగా ఏదో మోస్తున్నట్టున్నావు, వినాలని ఉంది." ఇంతే. తర్వాత ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం, మన నోరు ఆగదు కదా. పిల్ల ఏమీ చెప్పకపోతే "సరే, నీకెప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు వింటాను" అనండి. అయితే ఒక ప్రశ్న మాత్రం వాయిదా వేయకండి: "చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని చాలామందికి భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇన్నాళ్లకి ఎవరో అడిగారని పిల్లలు ఊపిరి పీల్చుకోవడమే ఎక్కువ.

అవునని చెప్పినా, ఎలా చావాలో కూడా ఆలోచించుకున్నట్టు తెలిసినా, ఒంటరిగా వదలకండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో మందులు, పురుగుమందులు, పదునైన వస్తువులు చేతికి అందకుండా తాళం వేసి పెట్టండి. ఇది చిన్న జాగ్రత్తలా కనిపిస్తుంది గానీ, ప్రాణం మీదికొచ్చిన ఆ కొద్దిసేపు ప్రమాదకరమైనది అందకపోతే చాలామంది బయటపడతారు. భారతదేశంలో ఉన్నవారు టెలీ మానస్‌కి, 14416 నంబరుకి, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఈ గాయాల వెనక ఉండగల డిప్రెషన్ సంగతి. డిప్రెషన్ అంటే ఏడుస్తూ మూల కూర్చోవడమనే అనుకుంటాం. టీనేజి వయసులో అది చిరాకుగా, ప్రతిదానికీ ఎగిరిపడటంగా కూడా బయటపడుతుంది. ఇష్టమైన ఆట మానేయడం, నిద్ర తారుమారు కావడం, తిండి తగ్గడమో పెరగడమో, "నేను దేనికీ పనికిరాను" అనడం లాంటివి 2 వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే డాక్టరుకి చూపించాలి. "నీకేం తక్కువ చేశాం?" అనే ప్రశ్నని మాత్రం దయచేసి గుమ్మం దాటి రానివ్వకండి.

చికిత్స ఉంది. గాయపరచుకునే అలవాటుకి బాగా పనికొచ్చే పద్ధతుల్లో ఒకటి, అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే మానసిక చికిత్స. బాధ ముంచుకొచ్చినప్పుడు, ఒంటికి హాని చేసుకోకుండా ఆ సమయాన్ని ఎలా దాటాలో అందులో నేర్పుతారు. ఒట్టు చేయలేని పని అదే. కొందరికి డిప్రెషన్ తగ్గడానికి మందులు కూడా రాస్తారు. అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కొంతమంది చిన్న వయసువాళ్లలో చావు ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి, ఆ రోజుల్లో దగ్గరుండి కనిపెట్టాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే ఈ హెచ్చరికని మందుల మీద ముద్రించమంది. అలాగని భయపడి మందులు మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరుకి చెప్పండి.

వింటున్న కుర్రకారుకి ఒక మాట. "ఎవరికీ చెప్పకు" అని స్నేహితుడు తన గాయం చూపించాడనుకోండి. ప్రాణానికి ముప్పున్న చోట ఆ మాట నిలబెట్టుకోనక్కర్లేదు. "ఇది నా ఒక్కడి వల్ల కాదు, ఒక పెద్దవాళ్లకి చెబుదాం, నీతో నేనూ వస్తాను" అనండి. కోపం వస్తే రానివ్వండి.

చికిత్స మొదలయ్యాక కూడా మళ్లీ గాయం కనబడవచ్చు. అంతా మొదటికొచ్చిందని కుంగిపోకండి. ముందు గాయం సంగతి చూడండి, లోతుగా ఉంటే ఆసుపత్రికి వెళ్లండి. పిల్ల కాస్త తేరుకున్నాక "మళ్లీ ఎందుకు చేశావ్?" అని కాకుండా "దానికి ముందు ఏం జరిగింది?" అని అడగండి. స్నేహితురాలితో గొడవో, మార్కుల టెన్షనో, ఫోన్‌లో ఎవరో అన్న మాటో, ఏదో ఒకటి బయటికొస్తుంది. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చెప్పాల్సింది ఆ సంగతే. వీలైతే పిల్లనే చెప్పనివ్వండి.